క్వారీ గొయ్యి చుట్టూ తిరిగిన దొంగ

చోడవరం నుంచి దేవరాపల్లి పోయే రోడ్డులో మెట్టపాలెం దగ్గర ఆటో దిగి, దేముడమ్మ ఇల్లెక్కడ అని అడిగి చూడండి. దారి చెప్పేముందు అవతలివాళ్ళు మీ మొహంలోకి ఒకసారి జాలిగా చూస్తారు. "తిట్లు తినడానికొచ్చేరా, తిట్టడానికొచ్చేరా?" అంటారు. తిట్టడానికి వెళ్ళి గెలిచి తిరిగొచ్చిన మనిషి ఇంతవరకూ ఆ ఊళ్ళో లేడు.

కాపురానికి వచ్చిన వారంలోనే ఆమె ఊరి చివర క్రషర్‌లో రాళ్ళ మోతకు కుదిరింది. మొగుడు సత్తిబాబు డ్రిల్లింగు మిషను పట్టేవాడు. ఇద్దరూ, వాళ్ళలాంటి మరికొంతమందీ కలిసి ఒక కొండను కొండ కాకుండా చేశారు. కొండ పోయిన చోట గొయ్యి వచ్చింది. తూర్పు పడమరలుగా పొడుగు, గోడలు నిట్టనిలువు, అడుగెక్కడుందో ఆ తవ్వినవాళ్ళకే మరుపొచ్చేంత లోతు. పని అయిపోయాక కంపెనీవాళ్ళు రాయి పట్టుకుపోయారు, దుమ్మును సత్తిబాబు ఊపిరితిత్తుల్లో వదిలేశారు, గొయ్యిని పంచాయతీకి వదిలేశారు. గొయ్యి చుట్టూ కంచె వేయాలనీ, గోడల్ని మెట్లు మెట్లుగా తియ్యాలనీ కాగితాల్లో ఉందట. సత్తిబాబుకు మాస్కు ఇచ్చినట్టు కూడా ఆ కాగితాల్లోనే ఉంది.

వానకూ ఊటకూ గొయ్యి నిండింది. ఊరు దాన్ని చూసి భయపడింది. దేముడమ్మ మాత్రం చూసి, "ఇన్ని నీళ్ళు ఊరికే ఉంటే ఎవడో ఒకడు తినేస్తాడు, ముందు మనమే తినేద్దాం" అంది. డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళని పోగేసి, పంచాయతీ నుంచి లీజుకు తీసుకుని, బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని వదిలింది. లారీలు దిగడానికి పూర్వం వేసిన ఏటవాలు దారి ఒక్కటే నీళ్ళలోకి దిగే తోవ. అక్కడ వెనకవీధివాళ్ళ గేదెలు నీళ్ళు తాగేవి. గేదెలు దిగితే వలలు తెగుతున్నాయని ఆమె ఆ దారికి ముళ్ళకంప అడ్డం వేసింది. వెనకవీధి పరదేశికి ఆ రోజునుంచి ఆమెతో మాటల్లేవు. ఉన్నవి తిట్లే. పరదేశి ఆమెకు ఊరి వరసకి మరిది కూడా, కాబట్టి తిట్లకు లోటు లేదు.

ఇంతలో మెట్టపాలేనికి కొత్త ప్రెసిడెంటు వచ్చింది. పేరు సంధ్యారాణి. పేరు, ఫొటో, సంతకం ఆమెవి. కుర్చీ, బండి, నోరు ఆమె మొగుడు పెదబాబువి. పెదబాబుకు పక్క ఊళ్ళో కొత్త క్రషర్ పెట్టినవాళ్ళతో దోస్తీ. వాళ్ళకి రాయి కడిగిన బురద పారబొయ్యడానికి ఒక గొయ్యి కావాలి. మెట్టపాలెంలో రెడీమేడుగా ఉందని ఊళ్ళో గుసగుస. అడ్డం ఒక్క లీజే. ఆ లీజులో ఒక షరతుంది: గ్రూపు చేతగానితనం వల్ల చేపలు చస్తే లీజు రద్దు.

ఆ మే నెలలో చేపలు చచ్చాయి.

అది జరిగిన తీరు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పొద్దున్నించీ పడమటి గాలి, పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు, విడవకుండా కొట్టింది. మధ్యాహ్నం పడమటి ఒడ్డున ఉన్న గ్రూపు మనిషి అప్పలనరసమ్మ కేకేసింది.

"ఒలే దేముడమ్మా, సేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తన్నాయే."

"నోరు తెరవక నీలాగ ముక్కు సీదుతాయేటి?" అంటూనే దేముడమ్మ పరిగెత్తింది. వెళ్ళి చూస్తే నీళ్ళమీద నోళ్ళే నోళ్ళు. కుళ్ళిన గుడ్డు కంపు. చెయ్యి పెడితే మే నెలలో నీళ్ళు చల్లగా జివ్వుమన్నాయి.

"మందు కలిపేడే. ఎవడో మందు కలిపేసేడు" అని అరిచింది.

అంతలో గాలి పడిపోయింది. కాసేపటికి తూర్పు ఒడ్డున ఉన్నవాళ్ళు గోల పెట్టారు: అక్కడా చేపలు తేలుతున్నాయి. "ఇక్కడ కలిపేసి అటెల్లేడు, పట్టండే" అని దేముడమ్మ చీర ఎగదోపి ఒడ్డు వెంట పరుగందుకుంది. వెనకాల గ్రూపు మొత్తం. ఆయాసపడుతూ తూర్పు ఒడ్డుకు చేరేసరికి పడమట మళ్ళీ గోల. దొంగ చాలా చురుకైనవాడు. అటు, మళ్ళీ ఇటు. ఆడవాళ్ళు గొయ్యి చుట్టూ వాడి వెనక, వాడు ఎప్పుడూ అవతలి ఒడ్డునే.

ఆ తిరుగుళ్ళలో వాళ్ళకు పరదేశి ఎదురుపడ్డాడు. సైకిలు మీద, హ్యాండిలుకు తగిలించిన డబ్బాతో, గొయ్యి చుట్టూ తిరుగుతున్నాడు. తప్పిపోయిన గేదెదూడను వెతుకుతున్నాడు పాపం. డబ్బాలో ఉన్నది కుడితి, దూడ వాసన పట్టి వస్తుందని.

"డబ్బాలో ఏట్రా?"

"కుడితి, వదినా."

"కుడితిలో ఏటి కలిపేవు?"

"కుడితిలో కుడితే కదా ఉంటాది."

ఆ జవాబు ఆమెకు ఒప్పుకోలులా వినిపించింది. అప్పలనరసమ్మ భుజం మీద విసురు వల ఉంది. చేపలకు పనికిరాని రోజున అది పరదేశికి పనికొచ్చింది. సైకిలుతో సహా వలలో చుట్టి, ఊళ్ళోకి ఈడ్చుకొచ్చి, దేముడమ్మ మూడు రోడ్ల కూడలిలో అతణ్ణీ, అతని తండ్రినీ, ఇంకా పుట్టని మనవల్నీ కడిగి ఆరేసింది. వెనకవీధి మనిషి కాబట్టి ఊరు నమ్మడానికి సాక్ష్యం అడగలేదు. మనూళ్ళలో నేరం వెనకవీధికి ఈగ వాలినంత తేలిగ్గా వాలుతుంది. తోలే చెయ్యి కూడా ఉండదు. దేముడమ్మ జన్మంతా పెద్దవాళ్ళ మీద నోరు పారేసుకున్న మనిషే. ఆ రోజు మాత్రం తనకన్నా ఒక మెట్టు కింద ఉన్నవాడు దొరికాడు.

పెదబాబు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మందైతే పోలీసు కేసు. పరదేశి లోపలికెల్తాడు, మీ లీజు మీకుంటాది. మందు కాకపోతే మీ సేతగానితనం, లీజు పోతాది. సోమారం గ్రామసభ. కంప్లైంటు రాసి తెచ్చి సభలో సెప్పు. ఏదో ఒకటి తేల్చేద్దాం."

"తేలినవి సేపలే బాబూ, నువ్వు తేల్చేదేటీ నేదు" అంది దేముడమ్మ. కానీ లెక్క ఆమెకు అర్థమైంది. పరదేశి దొంగయితే గొయ్యి తనది. కాకపోతే గొయ్యి బురదది.

చావగా మిగిలిన చేపల్ని పట్టుకుని మర్నాడు చోడవరం బజారుకు వెళితే ఒక్కరూ కొనలేదు. మందు కలిపిన చేపలని కబురు ఆమెకంటే ముందు ఆటో ఎక్కి వచ్చేసింది. కబురు పుట్టించిన నోరు తనదే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి వీల్లేక కూర్చుంది. అప్పుడు వచ్చింది ప్రజ్ఞ.

ప్రజ్ఞ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. చోడవరంలో పాతకాలపు కుటుంబం. తాతలు స్మార్తం, తండ్రి కామేశం గారు బ్యాంకు. వాళ్ళమ్మ రమామణి గారు ఉల్లిపాయ కూడా వేరే కత్తితో కోస్తుంది. కూతురు దేముడమ్మ దగ్గర చేపలు కొని స్నేహితురాలి గదిలో వండించుకుంటుంది. ఈ రహస్యం తెలిసినందుకు దేముడమ్మ ఒక్కసారి కూడా తూకంలో మోసం చెయ్యలేదు. అంతకన్నా పెద్ద గౌరవం ఆ బజారులో లేదు.

జరిగినదంతా విని ప్రజ్ఞ, "ఆ రోజు గాలి ఎటునుంచి కొట్టింది?" అని అడిగింది.

"గాలితో ఏటి పని మేడమ్? మందు కలిపినోడు మనిషి."

"ముందు ఏ ఒడ్డున తేలాయి?"

"పడమట. గాలి పడిపోయేక తూర్పున. మళ్ళీ పడమట."

ప్రజ్ఞ మొహం మారింది. లెక్చరర్లకు ఇష్టమైన పాఠం ఎదురైతే వచ్చే మొహం అది. "మీతో వస్తాను, గొయ్యి చూపించండి" అంది.

షేరింగ్ ఆటోలో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ప్రజ్ఞ సాంద్రత, స్తరాలు, అంతర్గత తరంగాలు అని మొదలుపెట్టింది. దేముడమ్మ బుద్ధిగా వింటున్నట్టు మొహం పెట్టి కునుకు తీసింది. ఆమె ఒళ్ళో మూతదాకా నింపిన ప్లాస్టిక్ సీసాలో రాగిపిండితో కాచిన చోడి అంబలి ఉంది. ఎండకు తేరుకుని చిక్కటిది అడుక్కి దిగింది, పైన తేట నీరు నిలబడింది. ఆటోవాడు ఒక కుక్కకోసం బ్రేకు వేశాడు. ప్రజ్ఞ ఆమె మోచెయ్యి పట్టి కుదిపింది.

"ఇది చూడండి. పైన నీళ్ళు కదిలాయా?"

"నిండా ఉంది, ఏటి కదుల్తాది?"

"మరి లోపల గీత చూడండి."

చిక్కటి అంబలికీ తేటకూ మధ్య గీత ఉంది. అది ఒక పక్క పైకి లేచి, తీరుబడిగా దిగి, రెండో పక్క లేచింది. పైన ఏమీ తెలియదు. లోపల మాత్రం ఉయ్యాల ఊగినట్టు పెద్ద ఊపు. ఆటో కుదురుగా పోతున్నా అది ఆగలేదు.

"మీ గొయ్యి ఇదే" అంది ప్రజ్ఞ. "పైన ఎండకు వేడెక్కిన తేలిక నీళ్ళు. కింద చల్లటి బరువు నీళ్ళు. వాటికి ఏళ్ళ తరబడి గాలి తగల్లేదు, కుళ్ళిపోయాయి. మామూలుగా రెండూ కలవవు. పడమటి గాలి పొద్దున్నించీ పై నీళ్ళని తూర్పుకు నెడుతుంది. తూర్పున పై నీళ్ళు పోగుపడి, లోపలి గీతని కిందకి అదుముతాయి. పడమట ఆ గీత పైకి లేస్తుంది. కుళ్ళు నీళ్ళు చేపల దాకా వచ్చేస్తాయి. గాలి ఆగిందనుకోండి, నెట్టినవాడు చెయ్యి తీసేశాడు కదా, ఊపు తిరిగొస్తుంది. ఇప్పుడు తూర్పున లేస్తుంది. మళ్ళీ పడమట."

దేముడమ్మ సీసాని కళ్ళ ముందు పెట్టుకుని ఇటూ అటూ వంచింది. "పైన ఇంత ఊపు రాదేటి మరి?"

"పైన నీళ్ళకీ గాలికీ బరువులో చాలా తేడా, లేచినది వెంటనే పడిపోతుంది. లోపల చల్లనీళ్ళకీ వేడినీళ్ళకీ తేడా కాస్తే. లాగి కిందకి దించే బలం తక్కువ. అందుకని ఎత్తుగా లేస్తుంది, తాపీగా తిరుగుతుంది."

"ఊళ్ళో పెద్దమనుషుల్లాగ. పైకి కదలరు, లోపల్లోపల ఊగుతారు."

పక్కన కూర్చున్నాయన నవ్వాడు. దేముడమ్మ నవ్వలేదు. "మరి గొయ్యి నడుమ సేపలెలాగ సచ్చేయి? నడిమికి ఊపు రాదు కదా?"

ప్రజ్ఞ అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎదురెదురుగా జార్చి చూపించింది. "పై నీళ్ళు ఇటు, కింది నీళ్ళు అటు జారుతుంటే, రెండు దుప్పట్లు ఎదురెదురుగా లాగినట్టు మధ్యలో ముడతలు లేస్తాయి. జారుడు ఎక్కువైతే ఆ ముడతలు చుట్టలు తిరిగి విరిగిపోతాయి. అప్పుడు కుళ్ళు పైదాంట్లో కలిసిపోతుంది. అయితే ఒకటి. మీరు చెప్పినదాన్ని బట్టి సాయంత్రం దాకా ఊగిందిట. గాలి ఆగితే ఇంతసేపు ఊగకూడదు. అది నాకు తెలియలేదు."

మర్నాడు ఆదివారం, ప్రజ్ఞ మళ్ళీ వచ్చింది. ఇద్దరూ ఎండలో ఒడ్డున కూర్చున్నారు. పడమటి గాలి కొట్టినంతసేపూ పడమటి మూలన చేపలు నోళ్ళు తెరిచాయి. గాలి పడింది. తూర్పున తెరిచాయి. ఒడ్డున ఈ ఇద్దరూ తప్ప పిట్ట లేదు. సాయంత్రం అయ్యేసరికి సముద్రం గాలి తూర్పునుంచి ఎదురొచ్చింది, సరిగ్గా ఊపు తిరిగే వేళకి. చేపలు మళ్ళీ గోలగోలగా పైకొచ్చాయి. ప్రజ్ఞ నెత్తి కొట్టుకుంది. "సముద్రం గాలి సంగతి మరిచిపోయాను. ఉయ్యాల వెనక్కి వస్తుంటే ఇంకొకరు అందుకుని తోశారన్నమాట."

"ఈ గొయ్యిలో సేపలు బతకవేటి అయితే?"

"బతుకుతాయి. తక్కువ వేసి, ఎండాకాలం ముదరకముందే పట్టేసుకోండి. ఇంత లోతూ, ఇంత నిలువు గోడలూ లేకపోతే ఈ బాధే ఉండేది కాదు."

ప్రజ్ఞ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. దేముడమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది. దొంగ దొరికాడు. పేరు గాలి. గాలి మీద కేసు పెట్టడానికి లేదు, పెదబాబుకు చెబితే లీజు రద్దు. చెప్పకుండా ఊరుకుంటే పరదేశి లోపలికి పోతాడు, గొయ్యి నిలబడుతుంది. చెప్పిందల్లా ఒక్క అబద్ధం, అది కూడా అప్పటికే చెప్పేసినది. కొత్తగా కష్టపడక్కర్లేదు.

సత్తిబాబు మంచం మీంచి అంతా విన్నాడు. అతను మాట్లాడితే దగ్గు వస్తుంది, అందుకని అవసరమైనవే మాట్లాడతాడు.

"నాకేటి రోగం?"

"టీబీ అని రాసేరు కదా."

"రాసేరు. మందులు మింగేను. తగ్గిందా?" దగ్గు ఆపుకున్నాడు. "అది దుమ్మని నీకు తెల్సు, నాకు తెల్సు, రాసినోడికీ తెల్సు. దుమ్మని రాస్తే కంపెనీ మీదకెల్తాదని టీబీ అని రాసేడు. ఇప్పుడు నువ్వు రాస్తావేటి పరదేశి అని?"

దేముడమ్మ లేచి అంబలి గిన్నె అతని చేతికిచ్చింది. "అంబలి తాగి పడుకో" అని కసిరింది.

సోమవారం పంచాయతీ ఆఫీసు వరండాలో సభ. ఒకపక్క గ్రూపు ఆడవాళ్ళు, ఇంకోపక్క ఊరివాళ్ళు, మెట్ల కింద ఎండలో వెనకవీధి. వాళ్ళని పైకి రమ్మని ఎవరూ అనలేదు, వాళ్ళూ రాలేదు. కుర్చీలో సంధ్యారాణి, ఆమె కుర్చీ మీద చెయ్యేసి పెదబాబు. గోడకు ఆనుకుని కానిస్టేబులు.

"కంప్లైంటేది?" అన్నాడు పెదబాబు.

"నేదు. ఎవడూ మందు కలపనేదు. కలిపింది గాలి." ఆమె తెచ్చిన అంబలి సీసాని పైకెత్తి, వంచి, ఆపి, అందరికీ చూపించింది. తనకు అర్థమైనంత చెప్పింది, కానిది ఎగరేసింది. కొందరు దగ్గరకు వచ్చి చూశారు. ఒకాయన తాగి చూస్తానన్నాడు.

"సరే" అన్నాడు పెదబాబు. కోపం రాలేదు, సంతోషంగానే ఉన్నాడు. "అంటే గొయ్యి సేపలకి పనికిరాదని నువ్వే ఒప్పుకున్నావు. లీజు రద్దు. రాయండి."

"ఆగు. నా మాట అవలేదు." దేముడమ్మ మెట్ల దగ్గరకు వచ్చింది. కింద పరదేశి తల తిప్పుకుని నిలబడ్డాడు. "ఒరే పరదేశీ, నీ మొహం సూస్తే దొంగ మొహమే. అది మీ అమ్మని అడగాలి. కానీ నువ్వు దొంగవి కావు. కూడల్లో నానెంత గట్టిగా అరిసేనో అంత గట్టిగా ఇక్కడ సెప్తన్నాను. తప్పు నాది. ఇనబడిందా, ఇంకా అరవాలా?"

"బాగా ఇనబడింది" అంది ఎవరో ముసలామె. "చోడవరంలో కూడా ఇనబడుంటాది."

దేముడమ్మ పెదబాబు వైపు తిరిగింది. "గొయ్యి పనికిరాదంటన్నావు. ఇంత లోతు ఎవడు తవ్వమన్నాడు? మెట్లు తియ్యాలని కాయితంలో ఉంటే గోడలు నిలువుగా ఎందుకున్నాయి? నాను మోసేను రాళ్ళు, నాకు తెల్దా? ఆ కుళ్ళు కంపెనీది. కుళ్ళు కడగమని ఆల్లని అడగవు. దాంట్లో ఇంకో కంపెనీ బురద పోయిస్తావు."

"బురద సంగతి ఎవడు సెప్పేడు నీకు?"

"నువ్వే. ఇప్పుడే."

వరండా గొల్లుమంది. పెదబాబు చెయ్యి కుర్చీ మీంచి జారింది. ఓటు పెట్టండి, చేతులెత్తమనండి అని గ్రూపు ఆడవాళ్ళు పట్టుబట్టారు. లీజు ఉంచాలన్నవాళ్ళ చేతులు ముందు లేచాయి. చూస్తేనే తెలుస్తోంది, చాలవు. ఊరివాళ్ళలో సగంమందికి పెదబాబు ట్రాక్టరు కావాలి, మిగతా సగానికి పెదబాబుతో తగువు వద్దు. దేముడమ్మ ఒకసారి చుట్టూ చూసి కళ్ళు దించుకుంది. అంతకుముందెప్పుడూ ఊరు ఆమెను అలా చూడలేదు.

మెట్ల కిందనుంచి పరదేశి అడిగాడు. "బురద పోస్తే మా గేదెలెక్కడ తాగుతాయి?"

పరదేశి దేముడమ్మ వైపు తిరిగాడు.

"ముళ్ళకంప తీస్తావా వదినా?"

"తీస్తాను. వల ఇవతలికి కట్టుకుంటాం."

పరదేశి చెయ్యెత్తాడు. వెనకవీధి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎత్తారు. ఎండలో నిలబెట్టినవాళ్ళ చేతులు లెక్కలోకి రావని పెదబాబు అన్నాడు. ఎందుకు రావో అతనే చెప్పలేకపోయాడు. సంధ్యారాణి కుర్చీలోంచి లేచి, మెట్ల దాకా వచ్చి, వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పెదబాబు పక్కనుంచి ఏదో అంటుంటే, "ఉండండి, తప్పిపోతాది" అని మళ్ళీ మొదట్నించీ పెట్టింది. లీజు నిలబడింది.

సభ విడిపోయాక దేముడమ్మ గబగబా పరదేశి వెనక నడిచింది. అతను ఆగకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వేటీ సెప్పకు. కొన్నాళ్ళు నాతో మాటాడకు. నా సెవులు ఇంకా మోగుతన్నాయి."

దేముడమ్మ నోరు తెరిచింది. మూసింది. ఏటవాలు దారి దాకా అతని పక్కనే నడిచి, కొంగు చేతికి చుట్టుకుని ముళ్ళకంప లాగసాగింది. పరదేశి కాసేపు చూసి, రెండో కొస పట్టుకున్నాడు. అంతసేపూ ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఊళ్ళో ఈ సంగతి నమ్మినవాళ్ళు తక్కువ.